కొండ మూసినప్పుడు వచ్చిన సాయం ఎవరి జేబులోది?

 

ఈ రోజు స్లైడ్లు లేవు, గ్రాఫులు లేవు. ఒక పుస్తకం తెచ్చినా. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతా, కనిపిస్తా ఉందా? ఇది మా నాయన అంగడి చిట్టా. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వైపు వీధుల్లో మాకు ఒక చిన్న పటాల అంగడి ఉంది. దేవుడి పటాలు, కుంకుమ భరిణెలు, రాగి చెంబులు, పిల్లలకి బొమ్మలు. కొండ దిగినవాళ్లు ఊరికి బస్సెక్కే ముందు కొనుక్కునే సరుకు అంతా.

2020 మార్చి 19, గురువారం. అమ్మకం 3,140. కింద ఒక గీత. మరుసటి రోజు, మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. ఇప్పుడు తర్వాతి పేజీ చూడండి. ఖాళీ. ఇంకో పేజీ, అదీ ఖాళీనే. తేదీలు మాత్రం వేసి ఉన్నాయి. అంగడి తెరవకపోయినా మా నాయన రోజూ తేదీ వేస్తా పోయినాడు. ఎందుకు నాయనా అంటే "అలవాటురా" అన్నాడు. ఏప్రిల్ అంతా తేదీలే, మే అంతా తేదీలే. జూన్ 11న బయటి భక్తులకు మళ్లీ దర్శనం మొదలైంది, రోజుకు సుమారు 6 వేల మందితో. మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది ఎక్కే కొండ అది. జూన్ 12న మా అమ్మకం ఎంతో తెలుసా? 180 రూపాయలు.

అదే ఇంట్లో, మేడ మీద గదిలో నేను. బీటెక్ అయిపోయి బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. లాక్‌డౌన్ అనగానే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసినా. ప్రతి నెలా 30వ తేదీకి టింగుమని జీతం పడేది, ఒక్క రూపాయి తగ్గకుండా. ఒకే కప్పు కింద, మెట్లకు పైన ఒక ఎకానమీ, మెట్లకు కింద ఇంకో ఎకానమీ. కింద ఉన్న మనిషి ముప్ఫై ఏళ్లు అంగడి నడిపి నన్ను చదివించినాడు. పైన ఉన్నోడికి ఇంకా కోడ్ రాయడం సరిగ్గా రాదు. ఇది నాకు అప్పుడు చాలా ఇబ్బందిగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

సో, ఈ ఎపిసోడ్ టాపిక్: ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు గవర్నమెంటు చెయ్యి పెడితే మేలా, కీడా? కాలేజీ డిబేట్‌లో లాగా "మేలు" గ్రూపు ఒక పక్క, "కీడు" గ్రూపు ఇంకో పక్క కూర్చుని వాదించుకోవచ్చు. నాకు మాత్రం ఈ పుస్తకం చూస్తే వేరే ప్రశ్న వస్తుంది. ఆ రోజుల్లో మా ఇంటికి, మా చుట్టుపక్కల వాళ్లకి రకరకాల సాయం వచ్చింది. దేంట్లోంచి ఎంత మిగిలింది అని లెక్క వేసుకుంటే, మొత్తం ఎన్ని లక్షల కోట్లు అన్నదానికన్నా, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నదే తేడా చూపించింది.

మొదట నా తప్పు చెప్పేస్తా.

మార్చి 27, 2020న రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది: మూడు నెలలు లోన్ వాయిదాలు కట్టకపోయినా పర్వాలేదు అని. మారటోరియం. తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించారు, మొత్తం ఆరు నెలలు. మా నాయనకి అంగడి మీద లోన్ ఉంది. అప్పటికి బాకీ సుమారు 4 లక్షలు, 12 శాతం వడ్డీ, ఇంకా 48 వాయిదాలు. నేను మేడ దిగి వచ్చి పెద్ద తెలిసినోడి మాదిరి చెప్పినా: "నాయనా, ఆరు నెలలు కట్టక్కర్లేదంట, హ్యాపీగా ఉండు." ఆయన ఒక్కటే అడిగినాడు: "వడ్డీ?" నేను అంత దూరం చదవలేదు.

వడ్డీ ఆగలేదు. నెలకు 4 వేలు, ఆరు నెలలకు 24 వేలు, దాని మీద వడ్డీ ఇంకొంచెం, అన్నీ పోయి అసల్లో కలిశాయి. తర్వాత ఎక్సెల్ షీట్‌లో వేసి చూసుకుంటే, వాయిదా అంతే ఉంచి లోన్ పొడిగిస్తే 48 కాస్తా దాదాపు 52 అవుతా ఉన్నాయి. అంటే ఆరు నెలలు ఆగినందుకు చివర్లో నాలుగు వాయిదాలు జాస్తి, 40 వేల పైచిలుకు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2 కోట్ల లోపు లోన్లకి వడ్డీ మీద పడిన వడ్డీని తామే భరిస్తామని అక్టోబరులో కేంద్రం చెప్పింది. మా నాయన ఖాతాలో పడింది 608 రూపాయలు. ఆయన దాంతో ఏం చేశాడో తెలుసా? పాలవాడి బాకీ తీర్చాడు.

ఇక్కడ గమనించండి. గవర్నమెంటు ఆ 608 సొంత జేబులోంచి ఇచ్చింది. మిగతాది అంతా "ఆగు" అని చెప్పడమే, ఆగినందుకు ఖర్చు మాత్రం మా నాయన జేబులోంచే పోయింది. మారటోరియం లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేది, అది నేను కాదనను. ఏప్రిల్‌లో వాయిదా కట్టమంటే ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? కానీ దాన్ని సాయం అన్నప్పుడు నాకు కొంచెం నవ్వొస్తుంది.

రెండోది. మే 12న 20 లక్షల కోట్ల ప్యాకేజీ, ఆత్మనిర్భర్ భారత్. దేశ జీడీపీలో సుమారు పదో వంతు అన్నారు. అందులో చిన్న వ్యాపారాలకి పెద్ద ముక్క 3 లక్షల కోట్ల గ్యారంటీ లోన్లు. ఫిబ్రవరి 29 నాటికి నీకు ఎంత బాకీ ఉంటే దాంట్లో 20 శాతం కొత్త లోన్, తాకట్టు లేకుండా, గ్యారంటీ గవర్నమెంటుది. బ్యాంకులు వేసే వడ్డీ 9.25 శాతం మించకూడదు. మా నాయన లెక్కలో 80 వేలు. బ్యాంకు నుంచి మెసేజ్ కూడా వచ్చింది.

నాయన వద్దన్నాడు. "బేరమే లేనప్పుడు సరుకు ఎత్తుకొచ్చి యాడ పెట్టుకోవాలబ్బా? నాకు కావాల్సింది దుడ్లు కాదు, మనుషులు" అన్నాడు. నిజానికి దుడ్లు కూడా కావాలి, కానీ ఆయన పాయింటు పాయింటే. లోన్ ఎవరికి పనికొస్తుంది? రేపు అమ్మకం ఉంటుంది, ఈ రోజు చేతిలో డబ్బు లేదు అనేవాడికి. రేపు కూడా అమ్మకం ఉంటుందో లేదో తెలీనివాడికి లోన్ అంటే ఇంకో అప్పు, అంతే. జూన్ 1న వీధి వ్యాపారులకి స్వనిధి వచ్చింది, 10 వేల రూపాయల లోన్, ఏడాదిలో కట్టాలి. అదీ లోనే.

అయితే ఒక మాట. మా పక్క అంగడి ఆయన ఆ గ్యారంటీ లోన్ తీసుకున్నాడు. దాంతో బాడుగ కట్టుకున్నాడు, ఇద్దరు పనివాళ్లని పంపించకుండా పెట్టుకున్నాడు. జనం మళ్లీ బాగా రావడం మొదలైనప్పుడు ఆయన అంగడి నిండా సరుకు ఉంది, మా అంగడిలో సగం అరలు ఖాళీ. అప్పుడు ఎవరు తెలివైనోళ్లు? నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాదు. నాయన మాత్రం "ఆయనకి ధైర్యం ఉంది, నాకు నువ్వు ఉన్నావు" అంటాడు. అది పొగడ్తో కాదో కూడా తెలీదు.

ఇప్పుడు నిజంగా చేతికి వచ్చిన డబ్బు సంగతి. రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్‌లో పేద కుటుంబాలకి వెయ్యి రూపాయలు ఇచ్చింది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకి కేంద్రం నెలకు 500, మూడు నెలలు. మనిషికి 5 కిలోల బియ్యం. చిన్నవే. మా పెదనాయన కొడుకు, మా అన్న, కొండకి ట్యాక్సీ నడుపుతాడు. సొంత బండి. వాహనమిత్ర కింద ఆటో, ట్యాక్సీ వాళ్లకి ఏడాదికి 10 వేలు. 2019లో అక్టోబరులో ఇచ్చారు. 2020లో ఆ డబ్బునే ముందుకు జరిపి జూన్ 4న ఇచ్చారు, రాష్ట్రమంతా రెండున్నర లక్షల మందికి పైగా. ఇది ఇన్సూరెన్సుకి, ఫిట్‌నెస్‌కి అని ఇచ్చే డబ్బు. మా అన్న అన్నాడు: "బండి టార్పాలిన్ కింద నిద్రపోతా ఉంది, దానికి ఫిట్‌నెస్ ఎందుకు, ఇప్పుడు మాకు కావాల ఫిట్‌నెస్." ఆ 10 వేలు ఇంటి బాడుగకి, సరుకులకి పోయింది. అంటే ఇంకో ఇంటాయనకి, ఇంకో కిరాణా కొట్టు ఆయనకి పోయింది.

దయచేసి దీన్ని పార్టీల గొడవ చెయ్యొద్దు. ప్రభుత్వం మారింది, స్కీము పేరు మారింది, 2025 అక్టోబరులో 15 వేలు చేసి ఇచ్చారు. అదే మా అన్న దాన్నీ తీసుకున్నాడు. నేను చెప్తా ఉన్నది తేదీ గురించి. నాలుగు నెలలు ముందుకు జరపడం వల్ల కొత్తగా పెద్ద ఖర్చేమీ కాలేదు, ఎలాగూ ఇవ్వాల్సిన డబ్బే. కానీ బండి ఆగిపోయిన నెలలో 10 వేలకి ఉన్న విలువ, బండి తిరిగే నెలలో ఉండదు.

ఇంకొకాయన ఉన్నాడు. మా అంగడిలో పదేళ్లు పనిచేసిన అన్న. ఏప్రిల్‌లో నాయన ఆయనకి అరనెల జీతం ఇచ్చి ఊరికి పంపించినాడు. పుంగనూరు దగ్గర పల్లె. ఆ రోజు నాయన సరిగ్గా అన్నం తినలేదు. ఆ అన్న పల్లెకి పోయి ఉపాధి పనికి వెళ్లాడు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 237, పని కొలతల ప్రకారం. కేంద్రం ఆ ఏడాది బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకి ఇంకో 40 వేల కోట్లు కలిపింది. దేశమంతా 389 కోట్ల పనిదినాలు అయ్యాయి, అంతకు ముందు ఏడాది 265 కోట్లు. ఈ పథకం మొదలైంది మన రాయలసీమలోనే తెలుసు కదా? 2006 ఫిబ్రవరి 2, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో.

పటాలకి ఫ్రేము కట్టే చేతులు కుంట తవ్వినాయి. బాగుందని చెప్పను, ఆయనకి నడుం నొప్పి పట్టుకుంది. కానీ వారం వారం ఏదో ఒకటి పడింది, దాన్ని ఎవరికీ తిరిగి కట్టక్కర్లేదు. ఇప్పుడు అసలు విషయం చూడండి: ఈ ఉపాధి పల్లెకే, టౌనుకి లేదు. తిరుపతిలో హోటల్లో ప్లేట్లు కడిగే మనిషికి, లాడ్జిలో బెడ్‌షీట్లు మార్చే ఆమెకి, సొంతూరు అంటూ ఒకటి లేకపోతే ఉపాధి లేదు. పల్లెకి కూలి, టౌనుకి లోన్. మన ఊరు మాదిరి యాత్రికుల మీద బతికే టౌను ఆ రోజుల్లో ఎందుకంత గట్టిగా దెబ్బ తిన్నదో నాకు దీంట్లోనే సగం అర్థమైంది. ఆ ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశ జీడీపీ సుమారు 24 శాతం పడిపోయింది అని పేపర్లో వచ్చింది. మా వీధిలో నూటికి నూరు శాతం.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. మన జిల్లాకి ఇంతకంటే పెద్ద మాంద్యం ఒకటి తెలుసు. 1929లో మొదలైన మహా మాంద్యం. అమెరికాలో షేర్ మార్కెట్ కూలింది, బ్యాంకులు మునిగాయి, అది మనం స్కూల్లో చదివినాం. మన చిత్తూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. ఇక్కడ షేర్లు ఎవరికున్నాయి? ఇక్కడికి మాంద్యం వేరుశనగ కాయ రూపంలో వచ్చింది, వడ్ల రూపంలో వచ్చింది. కొన్నేళ్లలో ధరలు సుమారు సగానికి పడిపోయాయి. శిస్తు మాత్రం రూపాయల్లో కట్టాలి, అది తగ్గదు. షావుకారు అప్పు రూపాయల్లో తీర్చాలి, అదీ తగ్గదు. రెండు బస్తాలు అమ్మి కట్టే శిస్తుకి నాలుగు బస్తాలు అమ్మాలి. ఒక్క రూపాయి పెంచకుండా శిస్తు రెట్టింపయిపోయింది. మా నాయన లోన్ కథే ఇది. అమ్మకం సున్నా, వాయిదా మాత్రం అంతే.

అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? ఢిల్లీలో బ్రిటిష్ ప్రభుత్వం 1931 సెప్టెంబరులో ఎమర్జెన్సీ బడ్జెట్ పెట్టింది. పన్నులు పెంచారు, ఉద్యోగుల జీతాలు 10 శాతం కోశారు. వాళ్లకి కావాల్సింది లెక్కలు సరిపోవడం. జనం చేతిలో డబ్బు లేనప్పుడు ప్రభుత్వం కూడా చెయ్యి ముడుచుకుంది. పల్లెల్లో ఆడవాళ్ల ఒంటి మీద బంగారం అమ్ముకున్నారు. 1931లో బ్రిటన్ తన రూపాయి-పౌండు లెక్కని బంగారం నుంచి విడగొట్టాక బంగారం ధర పెరిగి, దేశం నుంచి ఓడల కొద్దీ బంగారం లండన్‌కి పోయింది. మన ఇళ్లల్లో ముసలోళ్లు "బంగారం కష్టంలో ఆదుకుంటాది" అంటారు కదా, ఆ మాట ఉత్తినే పుట్టలేదు.

చివరికి వచ్చింది సాయం. 1938లో. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులకి పేరుకున్న వడ్డీ కొట్టేశారు. అసలుకి రెట్టింపు ఇప్పటికే కట్టేసి ఉంటే అప్పు తీరిపోయినట్టే. ముందు ముందు వడ్డీ 6.25 శాతం మించకూడదు. చూడండి, 2020లో మాకు వడ్డీ మీద వడ్డీ మాఫ్ చేశారు, 1938లో వడ్డీనే మాఫ్ చేశారు. కానీ ఎప్పుడు? ధరలు పడ్డ ఎనిమిదేళ్లకి. అప్పటికి భూమి పోగొట్టుకున్నవాడికి ఆ చట్టం ఏం చేస్తుంది? ఇంకో సంగతి, ఆ వడ్డీ పోయింది సర్కారు ఖజానాలోంచి కాదు, షావుకారు జేబులోంచి. షావుకారు ఏం చేస్తాడు? తర్వాత అప్పు ఇవ్వడానికి వెనకాడతాడు. వడ్డీ వ్యాపారి మీద నాకేం ప్రేమ లేదు. కానీ విత్తనాలకి డబ్బు కావాల్సినప్పుడు పల్లెలో ఉన్న ఒకే ఒక్క బ్యాంకు ఆయనే.

అమెరికా కథ క్విక్‌గా చెప్పేస్తా, ఎందుకంటే రెండు వైపుల వాళ్లూ దాన్నే ఎత్తుతారు. 1933లో రూజ్‌వెల్ట్ వచ్చేసరికి అక్కడ నలుగురిలో ఒకరికి పని లేదు. న్యూ డీల్ అని రోడ్లు, అడవులు, డ్యాములు, రకరకాల పనులు పెట్టించాడు. 1937కి నిరుద్యోగం సుమారు 14 శాతానికి దిగింది. చాల్లే, బాగైపోయింది అనుకుని ఖర్చు తగ్గించి పన్నులు పెంచారు, 1938లో మళ్లీ 19కి ఎగబాకింది. ఇది "మేలు" గ్రూపు పాయింటు. "కీడు" గ్రూపుకీ పాయింటు ఉంది. అదే న్యూ డీల్‌లో ధరలు పడకూడదని కంపెనీలని కలిసి రేట్లు పెట్టుకోనిచ్చారు. 2004లో కోల్, ఒహానియన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు దీనివల్లే మాంద్యం సుమారు ఏడేళ్లు సాగిందని పేపర్ రాశారు. ఏడేళ్లు అన్నది చాలామంది ఒప్పుకోరు. కానీ పడిన ధరని ఆర్డరుతో లేపి నిలబెట్టడం, పని ఇచ్చి కూలి ఇవ్వడం, ఈ రెండూ ఒకటి కాదు. ఈ తేడా మన చిత్తూరులో మొన్న మొన్ననే కళ్లారా చూసినాం.

మామిడి. 2025 సీజన్.

మా మేనమామకి బంగారుపాళ్యం వైపు మూడెకరాల తోతాపురి తోట. తోతాపురి అంటే తినే కాయ కన్నా గుజ్జుకి పోయే కాయ. మన జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఆ గుజ్జు జ్యూస్ కంపెనీలకి, విదేశాలకి పోతుంది. ఆ ఏడాది కాయ విరగ్గాసింది. ఫ్యాక్టరీల్లో ముందు ఏడాది గుజ్జే అమ్ముడుపోకుండా డ్రమ్ముల్లో ఉంది. ఇంకేముంది, ధర పడిపోయింది. కాయ కోసే కూలి కూడా రాని రేటు. ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి క్యూ. కొందరు కాయల్ని రోడ్డు పక్కన పారబోసిన వీడియోలు మీరు కూడా చూసే ఉంటారు.

ప్రభుత్వం చెయ్యి పెట్టింది. కిలోకి 12 రూపాయలు రావాలి: ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 ఇస్తుంది. మా మామ ఫోన్ చేసి సంతోషంగా చెప్పినాడు, "పన్నెండు అంట రా అబ్బోడా." తర్వాత ఏమైంది? ప్రభుత్వం ఇస్తానన్న 4 ఆలస్యంగానైనా ఆయన ఖాతాలో పడింది. ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన 8 దగ్గరే తకరారు. "మా పాత గుజ్జే పోలేదు, యాడ నుంచి తెచ్చిచ్చేది" అన్నారంట. మొదట 5 లెక్కన రాసుకున్నారు, అది కూడా నెలల మీద. ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పను, ఇలాంటి మాట ఒక్క మామది కాదు, ఆ సీజన్లో చాలామంది రైతులది.

మళ్లీ అదే జేబు లెక్క. సొంత జేబులోంచి ఇస్తానన్న 4 వచ్చింది. ఇంకొకడి జేబులోంచి ఇప్పిస్తానన్న 8 రాలేదు. ఆ ఇంకొకడి జేబు కూడా ఖాళీ అయినప్పుడు ఆర్డరు కాపీ ఎన్ని జిరాక్సులు తీసినా డబ్బు పుట్టదు.

ఇంకొకటి జరిగింది. మన రైతు కాయకే దిక్కు లేదు, పక్క రాష్ట్రం కాయ ఎందుకు అని 2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలోకి బయటి తోతాపురి రాకుండా ఆపేశారు. బార్డరు దాటితే కోలారు జిల్లా, శ్రీనివాసపురం. అక్కడి తోటలోళ్లు చాలామంది తెలుగే మాట్లాడతారు, మనవాళ్లకీ వాళ్లకీ పెళ్లి సంబంధాలు కూడా ఉంటాయి. వాళ్ల కాయ ఏళ్లుగా మన ఫ్యాక్టరీలకే వచ్చేది. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబుకి ఉత్తరం రాశారు, ఆ ఆర్డరు తీసెయ్యమని. మన మామకి రూపాయి ఆసరా అయిందో లేదో కానీ, అక్కడ ఇంకెవరి మామో మునిగినాడు. 1930 జూన్‌లో అమెరికా ఇదే చేసింది. బయటి సరుకు మీద సుంకాలు పెంచుతా స్మూట్-హాలీ అని చట్టం. వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని సంతకాలు పెట్టినా ప్రెసిడెంటు హూవర్ సంతకం పెట్టేశాడు. మిగతా దేశాలు కూడా తలుపులు మూశాయి. ప్రపంచ వ్యాపారం ఇంకా కుంగిపోయింది. గవర్నమెంటు చెయ్యి పెట్టి చెడగొట్టడం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే, ఏ వైపు వాళ్లు చేసినా.

సరే, నా క్లాస్‌మేట్ ఒకడు ఉన్నాడు. ఈ స్క్రిప్ట్ వాడికి చదివి వినిపించినా. వాడు అన్నాడు: "ఒరేయ్, ఇంత చెప్తా ఉన్నావు, చివరికి తిరుపతి కోలుకుంది ఎవరివల్ల? కొండ తెరిచారు, జనం వచ్చారు. ఏ స్కీమూ కాదు, యాత్రికులు." నిజం. నేను కాదనలేకపోయినా. 2022కి మా వీధిలో నడవడానికి చోటు లేదు. ఏ మంత్రీ ఆ జనాన్ని లారీల్లో తోలుకురాలేదు.

కానీ రెండు రోజులు ఆలోచించాక వాడికి ఇలా చెప్పినా. 2020లో మన ఊరికి వచ్చింది తలుపు మూసిన మాంద్యం. తలుపు తెరిస్తే జనం వస్తారు. అప్పటిదాకా అంగడి అంగడిగా, ట్యాక్సీ ట్యాక్సీగా మిగిలి ఉండాలి, అంతే సాయం పని. మా వీధిలో మూడు అంగళ్లు అప్పటిదాకా ఆగలేకపోయాయి. జనం తిరిగొచ్చినప్పుడు అక్కడ వేరే బోర్డులు ఉన్నాయి. 1930ల మాంద్యం అలాంటిది కాదు. తలుపు తెరిచే ఉంది, కొనేవాడి జేబు ఖాళీ. అందరూ ఖర్చు తగ్గించుకుంటే అందరి ఆదాయం ఇంకా తగ్గుతుంది, అది దానంతట అది బాగుపడేదాకా ఎదురుచూస్తే ఎనిమిదేళ్లు పోతాయి. అక్కడ ఎవరో ఒకరు ముందు ఖర్చు పెట్టాలి, పెట్టగలిగేది ప్రభుత్వమే. మామిడిది మూడో రకం. కాయ ఎక్కువ, గుజ్జుకి బేరం తక్కువ. దానికి 12 అని రేటు రాసేస్తే సరిపోదు, ఆ డ్రమ్ములు కదలాలి. నాకు అర్థమైనంతలో, ఒక రోగం మందు ఇంకో రోగానికి రాయడమే మన దగ్గర ఎక్కువగా జరుగుతుంది.

వాడు ఊరుకోలేదు. "మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నాడు. మంచి ప్రశ్నే. డల్లాస్‌లో మా సీనియర్ ఒకాయన ఉన్నాడు. 2020 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం మనిషికి 1,200 డాలర్లు పంపింది. ఆయనకీ వదినకీ కలిపి 2,400. ఆయన జీతం ఒక్క నెల కూడా ఆగలేదు. "ఏం చెయ్యాలో తెలీక టీవీ కొన్నాం" అన్నాడు. అలాంటివి ఇంకో రెండు విడతలు పోయినాయి అక్కడ. 2022 జూన్‌కి వాళ్ల ద్రవ్యోల్బణం 9.1 శాతం. యుద్ధం ఉంది, ఓడల్లో సరుకు ఆగిపోవడం ఉంది, కారణాలు చాలా, కానీ ఈ చెక్కుల పాత్ర కూడా ఉందని అక్కడి ఆర్థికవేత్తలే చాలామంది అంటారు. టీవీ కొన్న మా అన్నకి పంపడం కన్నా... సరే, దేశాలు వేరు, మా నాయనకి డల్లాస్ నుంచి ఎవరు పంపుతారు.

అయినా వాడి ప్రశ్న మిగిలే ఉంటుంది. నిజంగా అవసరం ఉన్నవాడిని వెతికి ఇచ్చేసరికి ఆలస్యమవుతుంది. తొందరగా ఇస్తే టీవీ కొనేవాడికి కూడా పోతుంది. నేను ఇంజినీర్‌ని కాబట్టి దీనికి ఒక యాప్ ఉంటే అయిపోతుంది అనిపిస్తుంది, కానీ మా పెదనాయన కొడుక్కి 10 వేలు తొందరగా పడటానికి కారణం ఆ లిస్టు 2019లోనే తయారై ఉండటం. లిస్టు కష్టకాలంలో తయారు కాదు, ముందే ఉండాలి. టౌనులో రోజుకూలీల లిస్టు ఈ రోజుకీ ఎవరి దగ్గర ఉంది? మీ ఊర్లో ఉందేమో కనుక్కోండి, వార్డు సచివాలయంలో అడగండి. నేను అడిగినా. "ఆటోవాళ్లది ఉంది సార్" అన్నారు. హోటల్లో ప్లేట్లు కడిగే ఆమెది?

మా నాయన లోన్ 2024 డిసెంబరులో తీరింది. ఆ 52వ వాయిదా రోజు చిట్టాలో ఎర్ర ఇంకుతో గీత కొట్టినాడు, ఇదిగో ఆ పుస్తకం కూడా తెచ్చినా, ఇక్కడ. పుంగనూరు అన్న 2022లో తిరిగి వచ్చినాడు. నడుం నొప్పి వల్ల పెద్ద ఫ్రేములు ఎత్తడు, గల్లా దగ్గర కూర్చుంటాడు. పెద్ద ఫ్రేములు ఇప్పుడు నేను ఎత్తుతా, ఉద్యోగం మానేసినాక నాకు టైమ్ ఉంది కదా. నాయన కింద నుంచి పిలుస్తా ఉన్నాడు, శనివారం, రద్దీ మొదలైనట్టుంది. పోతున్నా. మామిడి గుజ్జు డ్రమ్ముల గురించి తెలిసినోళ్లు, ఫ్యాక్టరీల్లో పనిచేసినోళ్లు ఎవరైనా ఉంటే నాకు రాయండి, వచ్చే ఎపిసోడ్ వాళ్లతోనే.